బతికున్న తల్లి, అనాథ కూతురు

అక్కా, దేవుని పనికి మన అబద్ధం సాయం కావాలా? చదువుకునే రోజుల నుంచీ మోస్తున్న ఈ ప్రశ్న నిన్న ఒళ్ళు మండేలా ఎదురైంది.

ఇక్కడ సువార్త శిక్షణకు వచ్చిన ఆడపిల్లలు ఇరవై ఇద్దరు ఒకే గదిలో కాళ్ళు ముడుచుకుని పడుకుంటున్నారు. కొత్త గదులకు విరాళాలు అడుగుతూ కరపత్రం రాసింది నేనే. అందులో ఈ పిల్లల్లోనే ఒకరైన నర్సు తన బతుకు గురించి చెప్పుకున్న సాక్ష్యం ఉంది. డైరెక్టరుగారు దాన్ని దిద్ది, ఆమెను అనాథను చేశారు. ప్రూఫు చూసి కూడా నేను నోరు మెదపలేదు. నిన్న కూతుర్ని చూడవచ్చిన వాళ్ళమ్మ నోటీసు బోర్డు మీద అది చదివింది.

"టీచరుగారూ, నన్నెప్పుడు పాతిపెట్టారమ్మా? ఒక్క మాట చెప్తే నేనూ వచ్చి ఏడ్చేదాన్నిగా!" అంది నాతో.

డైరెక్టరుగారు నవ్వుతూ, "అమ్మ ఉందంటే ఎవరిస్తారమ్మా? గదులు లేస్తే సుఖపడేది మీ పిల్లేగా!" అన్నారు. చేతిలోని కరపత్రాలు ఆయన బల్ల మీద విసిరికొట్టి వచ్చేశాను.

మీ సంఘంలో చదవమని పంపిన కరపత్రం ఆదివారం చదవకు. ఇప్పటికే చదివేసి ఉంటే, ఆ తల్లి నిక్షేపంగా ఉందని అందరి ముందూ చెప్పు. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత స్వెట్టరు పంపు. బావగారికి వందనాలు, పిల్లలకు దీవెనలు.

రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. ఇస్తే ఆ పిల్లల గురించి నిజం రాసేవాళ్ళు ఇక్కడ ఉండరు. ఇవ్వకపోతే, ఈసారైనా నేను నోరు విప్పుతానని నమ్మకం లేదు. ఇవ్వాలో వద్దో నాకింకా తేలడం లేదు.

నీ చెల్లెలు