అమ్మ అరచెయ్యి ఉన్న డబ్బా

గోండార్

ఎమెబెత్ చెల్లీ,

అమ్మ దంచిన బెర్బెరె కారంలో నీ వాటా పంపమన్నావు. లేదే తల్లీ. అమ్మ పోయిన నలభయ్యో రోజు విందుకి నువ్వు బాలింతవి, రాలేకపోయావు. చావింటికి సాయపడే మన ఇద్దిర్ సంఘం ఆడవాళ్ళే వచ్చి వండారు. చావింటి వాళ్ళని పొయ్యి దగ్గరికి రానివ్వరు కదా. అలమర వెనక నేను దాచిన నీలం డబ్బా వాళ్ళకి దొరికింది. కారమంతా కోడికూరలో వేసేశారు.

"అచ్చం మీ అమ్మ చేతి రుచే పిల్లా, తిను!" అంటూ వాళ్ళలో దింక్నెష్ అత్త ఇంజెరా రొట్టె ముద్ద నా నోట్లో పెట్టింది. మింగాను.

కారం పోయిందని కాదే నా ఏడుపు. తీసిన ప్రతిసారీ గాలి చొరకుండా మిగిలిన కారాన్ని అమ్మ అరచేత్తో అదిమేది, గుర్తుందా? చివరిసారి అదిమిన అచ్చు, వంకర చిటికెనవేలితో సహా, అందులో అలాగే ఉండేది. అది చూసుకోవడానికే దాచుకున్నాను.

పాపం, వాళ్ళే కొత్త కారం తెచ్చి డబ్బా నింపారు. నేను అదిమి చూశాను. నాది నాన్న చెయ్యి, పెద్దది. నీ చిటికెనవేలే అమ్మలాగా వంకర. బిడ్డ కాస్త ఎదగగానే వచ్చి, ఒక్కసారి అదిమి వెళ్ళవే.

మీ అక్క