చావు లేని చోట పాడిన శోకం

బొలోన్యా, శుక్రవారం

అమ్మమ్మా, నీ చేతులు ముద్దుపెట్టుకుని రాస్తున్నాను. కులాసాగానే ఉన్నాను.

మానవశాస్త్రం పైచదువుకు నిన్న ఇంటర్వ్యూ జరిగింది. చావింట మన ఆడవాళ్లు పాడే శోకాల మీద పరిశోధన చేస్తానని దరఖాస్తులో రాశాను. పెద్ద ప్రొఫెసరు “ఏదీ, ఒకటి పాడమ్మా, విందాం” అన్నారు. ఎవరూ పోకుండా పాడకూడదండీ, పాడితే చావును ఇంటికి పిలిచినట్టే అన్నాను. ఆయన పక్కనున్న ప్రొఫెసరావిడ నవ్వింది. “చూడమ్మాయ్, మీ సార్డీనియా దీవి భయాలు ఓడలోనే వదిలేసి రావలసింది. ఇక్కడికి చదవడానికొచ్చావా, నమ్మడానికొచ్చావా?” అంది.

సీటు పోతుందని భయమేసి పాడాను. తాతయ్య శవం దగ్గర నువ్వు పాడినదే. అయ్యేసరికి ఆవిడ కూడా నవ్వడం లేదు. సీటు ఇచ్చారు.

బకీసియో మామయ్యకు దగ్గు తగ్గిందా? గొర్రెల దొడ్లో పడుకోవద్దను. ఉన్ని మేజోళ్లు పంపు, ఇక్కడ పొగమంచు ఎముకల్లోకి దిగుతోంది.

ఆ పాటలో పోయినవాళ్ల పేరు పలకవలసిన చోట మీలో ఎవరి పేరూ నోట రానివ్వలేదు. నా పేరే పలికాను. ఆ పిలుపును వెనక్కి తిప్పే దారి నీకు తెలిసే ఉంటుంది, ఆ పని చెయ్యి. అమ్మకు చెప్పకు. నన్ను దీవించేటప్పుడు ఈసారి పేరు పెట్టి, పైకి వినబడేలా దీవించు.

నీ ఎఫీసియా