మూడో అలమారా దగ్గర జారిన మాట

గోటింగెన్, 3 మార్చి 1983

ప్రియమైన అమ్మకు,

నిన్న ఇక్కడి హాల్లో నీ పాత సినిమా వేశారు, 'అత్తగారి మూడు అలమారాలు'. ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడనివ్వలేదు కదా నువ్వు! సగం సినిమా నరకం. తలుపులు వేయడం, తీయడం, మళ్లీ వేయడం. ఆ పడవ పాట ఎవరు పెట్టమన్నారో! కానీ పనిమనిషి వేషంలో నువ్వు కాఫీ ట్రేతో రాగానే హాలంతా లేచి కూర్చుంది. ఎంత బాగా చేశావమ్మా!

ఇక అసలు సంగతి. మూడో అలమారాలో దాక్కున్న లెఫ్టినెంట్ తుమ్ముతాడు. తల ఎడమవైపు వాల్చి, వరసగా మూడుసార్లు, చివరిది పిల్లికూతలా. పక్కనున్న యోర్గ్ నా వైపు తిరిగి, "జలుబు చేసిందా?" అన్నాడు. కట్టుకున్న మొగుడే నేను తుమ్మాననుకున్నాడు!

అప్పుడే నువ్వు తలుపు తీసి, "నువ్వు ఊపిరి బిగబట్టు" అన్నావు. సినిమా అంతా ఆయన్ని "మీరు" అనే పనిమనిషి, ఆ ఒక్కచోట "నువ్వు" అంది. జనం పడీ పడీ నవ్వారు. నేను మాత్రం వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. అది తీసింది 1955 మేలో. నేను పుట్టింది ఆ మరుసటి ఫిబ్రవరిలో. ఏమిటమ్మా ఇది?

నీ గెజీనా

ల్యూనెబర్గ్, 8 మార్చి

ప్రియమైన గెజీనా,

ఆ చెత్త సినిమా ఇంకా బతికే ఉందా! పడవ పాట నిర్మాతగారి మరదలి కోసం పెట్టింది. ఆ సీను పన్నెండుసార్లు తీశారు, అలసిపోయి నోరు జారాను, అంతే. తుమ్ములంటావా, లోకంలో అందరూ తుమ్ముతారు. యోర్గ్‌కి తేనె పంపుతున్నాను. ఈస్టర్‌కి వస్తారుగా?

ముద్దులతో, అమ్మ

గోటింగెన్, 12 మార్చి

గౌరవనీయులైన హెర్టా గారికి,

ఈస్టర్‌కి రావడం లేదు. ఆ సినిమాకి శబ్దాలు సరిచేసింది నాన్నే. కుర్చీ కిర్రుమన్నా కత్తిరించే మనిషి. పోయే ముందు ఆసుపత్రిలో కూడా పక్క మంచం ఆయన దగ్గు ఎక్కడ కత్తిరించాలో నాకు చెప్పాడు. ఆ చెవికి "నువ్వు" వినపడలేదంటే నేను నమ్మాలా? నేను ఎవరి కూతుర్నో మీరు చెప్పాలి.

గెజీనా

ల్యూనెబర్గ్, 15 మార్చి

నా చిట్టితల్లీ,

నన్ను "మీరు" అన్నావు.

అవును. లెఫ్టినెంట్ వేషం వేసిన లోథార్ బిడ్డవే నువ్వు. షూటింగ్ అయిన వారానికే వియన్నాలో పెళ్లాం దగ్గరికి వెళ్లిపోయాడు. అతనికి పెళ్లయిందని అప్పుడే తెలిసింది నాకు.

ఆగస్టులో మీ నాన్న నన్ను ఎడిటింగ్ గదికి పిలిచాడు. అప్పటికి మా మధ్య "బాగున్నారా అండీ" తప్ప వేరే మాట లేదు. ఆ "నువ్వు" ముక్క రెండుసార్లు వినిపించాడు. "కత్తిరించమంటారా హెర్టా గారూ?" అన్నాడు. ఏడుస్తూ మూడో నెల అని చెప్పేశాను. చాలాసేపు రీలు చుడుతూ కూర్చున్నాడు.

"ఉండనిద్దాం. ఈ సినిమాలో నిజంగా పలికిన మాట ఇదొక్కటే" అన్నాడు. తర్వాత నేల చూపులు చూస్తూ, "నువ్వు భయపడకు" అన్నాడు. ఆయన నన్ను "నువ్వు" అనడం అదే మొదలు.

నువ్వు ఉయ్యాల్లో మొదటిసారి తుమ్మినప్పుడు మీ నాన్న ముఖంలోకి చూశాను. తల ఎడమవైపు, మూడుసార్లు. మీ నాన్న జేబురుమాలు తీసి నీ ముక్కు తుడిచి, "ఇది మాత్రం కత్తిరించలేం" అని పకపకా నవ్వాడు.

తిట్టు, కానీ "నువ్వు" అని తిట్టు.

అమ్మ