మూడో నంబరు క్వార్టరులోని కుట్టుమిషను

తేది: ఆగస్టు 21, గురువారం, ఉదయం 9.20

రేడియో పరిశోధనాలయం డైరెక్టరుగారికి,

అయ్యా,

విషయం: నా మనుమరాలి పరిశీలనలు చెడిపోయినందుకు నన్ను దోషిగా నమోదు చేయవలసిందని మనవి.

నా మనుమరాలికి మిగిలిన పరిశీలన సమయాన్ని రేపటి కమిటీ రద్దు చేయనున్నదని తెలిసి ఈ అర్జీ రాస్తున్నాను. ఆమె చూస్తున్నది ఇంకా ఏర్పడుతున్న ఒక భారీ నక్షత్రాన్ని. అది చుట్టూ ఉన్న వాయువును మింగుతూనే, రెండు ధ్రువాల నుంచీ ధారలుగా వెళ్ళగక్కుతుందట. ఆ ధారల నుంచి మనకు అందే రేడియో సంకేతం అతి బలహీనం. దగ్గరలో నిప్పురవ్వ రాలితే ఆ రేడియో రొదలో అది మునిగిపోతుంది. అందుకే మన ఆవరణలో నిప్పురవ్వలు రాల్చే మోటారు గానీ పరికరం గానీ ఉండరాదని నిబంధన.

ఆ నిబంధనకు నాకంటే పెద్ద కాపలాదారు ఇక్కడ లేరు. పక్కింటి డ్రైవరు దోమల బ్యాటుపై తమకు మూడు అర్జీలు పెట్టి, దాన్ని స్టోరులో జమ చేయించినది నేనే. మా ఇంట మోటారు లేదని సంతకం చేసినదీ నేనే. నా కుట్టుమిషను నలభై ఏళ్లు కాలితో తొక్కినది కావడంతో, ఆ తరువాత దానికి మోటారు బిగించిన సంగతే జ్ఞాపకం రాలేదు. అన్నీ రాసిపెట్టుకునే మనిషిని, అదొక్కటీ రాసుకోలేదు.

నిన్న మనుమరాలు చెడిన రికార్డు ముందేసుకుని కూర్చుంది.

"అమ్మమ్మా, పోయిన సోమవారం మూడూ పదికి ఏం చేస్తున్నావ్?"

"నీ కుర్చీ దిండుకి గలీబు కుడుతున్నా. మూడూ ముప్ఫై ఎనిమిదికి లేచా. పుస్తకంలో ఉంది, చూసుకో."

చూసుకుంది. రికార్డు చెడిన నాలుగు రోజులూ నేను మిషను మీద కూర్చున్న వేళలే, నిమిషం తేడా లేదు.

"నువ్వా! వారం నుంచి యాంటెన్నాల్ని తిడుతున్నానే నేను!"

గుమ్మంలో ఉన్న డ్రైవరు, "మామ్మగారూ, స్టోర్లో మా బ్యాటు పక్కన ఇంకా చోటుందండీ" అన్నాడు. నేను వెళ్ళి మిషను మోటారు ప్లగ్గు పీకేశాను.

పన్నెండు గంటల పరిశీలనలో నేను పాడుచేసినది గంటా యాభై రెండు నిమిషాలు. ఆ ముక్కలు తీసేస్తే మిగతాది పనికొస్తుంది. కానీ క్వార్టరు ఖాళీ చేయిస్తారేమోనన్న భయంతో, ఆ పిల్ల కమిటీకి కారణం చెప్పనంటోంది. కనుక నేనే చెబుతున్నాను, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడో నంబరు క్వార్టరు అమ్మమ్మ

జరగవలసినవి:

1. జతపరచిన నా పుస్తకంలోని నాలుగు పేజీలూ రేపు పదకొండు గంటలలోపు కమిటీ ముందుంచాలి.
2. శిక్ష సంతకం చేసిన నాకే వేయాలి. పరిశీలన సమయం జోలికి పోరాదు.
3. మిషను మోసుకుపోవడానికి ఆ డ్రైవరునే పంపాలి. ఆ హక్కు అతనిది.
4. గలీబు మిగిలిన అంచు చేత్తో కుడుతున్నాను. సోమవారం మూడింటికి నా మనుమరాలు ఆ దిండు మీద కూర్చుని తన నక్షత్రాన్ని చూసుకోవాలి.