వాడికి ఆకలేస్తుందన్నాను

చెల్లీ స్టెఫా,

ఆదివారం నువ్వు భోజనానికి వచ్చేలోగా ఇది అందాలని రాస్తున్నాను. చదివాక పొయ్యిలో వెయ్యి.

మన ఓరెస్టు, వాడి భార్య లారిసా, బిడ్డ పుట్టేదాకా ఆడో మగో తెలుసుకోవద్దనుకున్నారు. "తనెవరో బిడ్డే వచ్చి చెప్పాలి నానమ్మా" అంటుంది ఆ పిల్ల. గోధుమ కోతల్లో ఓరెస్టుకి కుదరక, సస్కటూన్‌ ఆసుపత్రిలో స్కానింగుకి నేను తోడు వెళ్ళాను. అక్కడి నర్సు ఇద్దర్నీ కళ్ళు మూసుకోమంది. లారిసా మూసుకుంది. గుండె కొట్టుకుంటోందో లేదోనన్న బెంగతో నేను మూసుకోలేదు. చూడకూడనిది చూశాను.

నిన్న భోజనాల దగ్గర, "ఇంకో రెండు పెరోగీలు తిను, వాడికి ఆకలేస్తుంది" అని లారిసాతో అనేశాను.

"వాడా?" అన్నాడు ఓరెస్టు.

"మీ నానమ్మకి కోడిపెట్ట కూడా వాడేలే" అని లారిసా నవ్వేసింది. ఓరెస్టు నవ్వలేదు. నేను తలెత్తలేదు.

తప్పయిందని చెబితే, ఆ చెప్పడమే బయటపెట్టడం అవుతుంది. నువ్వొచ్చినప్పుడు, మన అమ్మ, కడుపులో ఉన్న పిల్లలెవర్నైనా "వాడు" అనేదని మాటల్లో అను. అమ్మ అలా అనేది కాదని నాకూ తెలుసు. పోయిన తల్లి పేరు మీద అబద్ధమాడమంటున్నందుకు సిగ్గుగా ఉంది.

అయినా అను. లారిసా నిన్ను నమ్ముతుంది. నన్నూ నమ్మే కళ్ళు మూసుకుంది.

మీ అక్క