మోకాలి పట్టీ

అక్కా,

నువ్వు వెళ్ళి పదకొండు రోజులైంది. ఫోనులో నీ గొంతు వినే ధైర్యం లేక రాస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నానే.

పాతికేళ్ళు మిషను ముందు కూర్చుని చొక్కా కాలర్లు కుట్టీ కుట్టీ నా నడుం వంగిపోయిందని, మోకాలు అరిగిపోయిందని నీకు తెలుసు. రోజూ గంట నడవకపోతే మంచం పడతావని డాక్టరు భయపెట్టాడు. మొదటి వారం ఏడుస్తూ నడిచాను. తర్వాత అదే ప్రాణమైంది. రోజు మొత్తంలో నాదంటూ ఉన్నది ఆ గంటే. అక్కడితో ఆగితే బావుండేది. వారపత్రికలో ఒక సీరియల్ వస్తోంది. అందులో బూడిదరంగు శాలువా కప్పుకున్న ఒకావిడ. ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పదు, ఎవరేం అడిగినా చిన్నగా నవ్వి ఊరుకుంటుంది. ఊరంతా ఆవిడ గురించే ఆలోచిస్తుంది. నా గురించి ఈ వయసుదాకా ఎవరాలోచించారే? నేనూ అలాంటి శాలువా కొన్నాను. పార్కులో తోటి నడకవాళ్ళు "మీరేం చేస్తుంటారండీ?" అంటే ఆవిడలాగే నవ్వాను. ఒకావిడ నన్ను జడ్జినేమో అంది. ఇంకొకాయన, "కాదండీ, పాటలు పాడేవారు. ఆ నడకే చెబుతోంది" అన్నాడు. ఆ పూట నా కాళ్ళు నేలమీద నిలవలేదు.

నన్ను చూడ్డానికని వచ్చి ఇంట్లో ఉన్న నువ్వు, ఆ ఆదివారం ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పార్కుకి, నా మోకాలి పట్టీ ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చావు. "ఒసేయ్ బుడ్డీ! ఇది లేకుండా నడిస్తే మళ్ళీ కుంటుతావే!" అందరూ నావైపు చూశారు. నా నోటికేం తెగులొచ్చిందో, "ఎవరండీ మీరు?" అన్నాను.

నువ్వు ఒక్క క్షణం నా మొహంలోకి చూశావు. తర్వాత వాళ్ళవైపు తిరిగి, "చూపు సరిగా ఆనదమ్మా. మా చెల్లెలనుకున్నాను" అన్నావు. నా అబద్ధం నువ్వు నెత్తినేసుకున్నావు. నేను ఇంటికొచ్చేసరికి నీ సంచి లేదు. అమ్మ పోయాక జడలేసి పెంచిన నిన్ను పట్టుకుని ఎవరండీ అన్నానే! ఆ రోజునుంచి నడక మానేశాను. నడుం మళ్ళీ పట్టేసింది, పట్టనీ. నువ్విక నా గడప తొక్కవేమోనన్నదే నా భయం. తిట్టు, కానీ జవాబు రాయి.

నీ
బుడ్డి

బుడ్డీ,

తిట్టమన్నావుగా, తిడుతున్నాను. బుద్ధిలేనిదానా, నడక మానేస్తావా? నోరు చేసిన తప్పుకి ఆ నడుమేం చేసిందే పాపం?

బస్సులో ఏడ్చాను, దాచను. కానీ ఒకటి విను. నిన్ను పిలిచేముందు నేను పార్కు గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. వాళ్ళ మధ్య తలెత్తుకుని నడుస్తున్నది నువ్వేనని ముందు పోల్చుకోలేదు. అంత నిటారుగా నిన్ను చూసి ఎన్నేళ్ళయిందో! అందుకే నువ్వు ఎవరండీ అన్నా, వాళ్ళముందు నిన్ను చిన్నబుచ్చడానికి మనసొప్పలేదు. ఆ సీరియల్ నేనూ చదువుతున్నాను. ఆవిడకి అక్క లేదు కాబట్టి సరిపోయింది. ఉంటే అన్ని వారాలు నోరు మూసుకుని ఉండనిచ్చేదా!

రేపటినుంచి మెల్లగా నడువు. వచ్చే ఆదివారం వస్తున్నాను. పట్టీ నా దగ్గరే ఉంది. గేటు దగ్గర నిలబడతాను. ఈసారి నేను పిలవను. నువ్వే పిలవాలి, అందరికీ వినపడేలా.

మీ అక్క