రేకుకు మూడు బోల్టులు

ప్రియమైన లీలారాణికి,

నీ పరంజ్యోతి రాస్తున్న ఉత్తరం. దేవుని దయ వల్ల నేనూ షాలినీ ఒంటికి బాగానే ఉన్నాం, జ్వరాలూ జలుబులూ ఏమీ లేవు. అందరం క్షేమం అన్న మాట మాత్రం ఈసారి రాయలేకపోతున్నాను. ఎందుకో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. జగదల్‌పూర్‌లో నువ్వు వేళకు తింటున్నావనీ, ఆసుపత్రిలో డ్యూటీలు కాస్త తేలికపడ్డాయనీ తలుస్తాను.

నీ ఉత్తరం ఆదివారం అందింది. నాలుగు ప్రశ్నలు అడిగావు. షాలినికి లెక్కల్లో ఎనభై రెండు వచ్చాయి. తింటోంది గానీ కూరలో కరివేపాకు రెబ్బలన్నీ ఏరి పళ్ళెం అంచున పెడుతోంది, అది నీ పోలికే. బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. నిజం చెప్పాలంటే వారంలో రెండు రోజులు మర్చిపోతున్నాను, షాలిని చేత తిట్లు తింటున్నాను. అప్పలసూరి చెయ్యి సంగతి కింద రాస్తాను. నాలుగోది, చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టే ద్రాక్షరసం ఎందుకు తీసుకోవడం లేదని అడిగావు. మూడు నెలలుగా పాటలవగానే లేచి బయటికి వచ్చేస్తున్నానని నీకు ఎవరు రాశారో నాకు తెలుసు. మా రూబీ వదినకు వీపు మీద కూడా కళ్ళుంటాయి. ఆ జవాబు ఒక్క ముక్కలో వచ్చేది కాదు. ఫోనులో చెబుదామంటే ప్రతిసారీ పిల్ల పక్కనే కూర్చుంటుంది. అందుకే ఈ కాగితాలు.

మే నెలలో వచ్చిన సుడిగాలి గురించి నీకు అప్పుడే చెప్పాను. సాయంత్రం నాలుగింటికి వచ్చింది, ఐదు నిమిషాలు కూడా ఉండలేదు. ఊరి మధ్య నుంచి ఒక చార గీసుకుంటూ పోయింది. ఆ చారలో పడ్డ ఇళ్ళు పోయాయి, పక్క వీధిలో దండెం మీద బట్టలు కూడా జారలేదు. జల్లెడలో పొట్టు తిరిగినట్టు రేకులు పైన తిరగడం నా కళ్ళతో చూశాను. తుపాన్లు మనకు కొత్త కాదు, అవి మూడు రోజుల ముందు చెప్పి వస్తాయి. ఇది చెప్పలేదు.  అప్పటి నుంచి తాటాకు గలగలమన్నా పని ఆపి ఆకాశం వైపు చూస్తున్నాను. తోటి పనివాళ్ళు నవ్వుతున్నారు.

జూలైలో విశాఖపట్నం నుంచి ఒక ఇంజనీరింగు కాలేజీ మేడం వచ్చింది. పేరు పద్మకుమారి. గాలికి ఏ ఇల్లు ఎలా పడింది, పడ్డాక ఆ ఇంటివాళ్ళు ఎలా లేచారు అని రాసుకోవడం ఆవిడ పని. ఊళ్ళో ఇళ్ళన్నీ ఎరిగిన తాపీ మేస్త్రి ఒకడు కావాలంటే అందరూ నన్నే చూపించారు. నేను కూడా గొప్పగా ఫీలయి, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాను. ఆవిడ టేపు పట్టుకుంటే నేను రెండో కొస పట్టుకునేవాణ్ణి. గోడ ఎంత మందం, తలుపు ఏ దిక్కు, ఏ రేకు ఎక్కడ పడింది, ప్రతిదీ కొలవడమే. తర్వాత ఇంటివాళ్ళను కూర్చోబెట్టి అడిగేది. ఎన్నాళ్ళు బయట వండుకున్నారు, పిల్లలు బడికి మళ్ళీ ఎప్పుడు వెళ్ళారు, గేదె ఉందా అమ్మేశారా, కొత్త కప్పు పడిందా.

అప్పలసూరి తల్లి జగ్గమ్మ ఇంటి కప్పు పోయాక కొడుకుతో పాటు పశువుల పాకలో నీలం పట్టా కింద ఉంటోంది. ఆ ప్రశ్నలన్నీ విని, "నువ్వు రాసుకుంతన్నావు గానీ తల్లీ, నీ కాయితం వల్ల నాకు ఇల్లొస్తాదా సెప్పు" అంది. "రాదమ్మా. ఇంకొకరి ఇల్లు పోకుండా ఉంటుందేమో" అంది మేడం. జగ్గమ్మ "అలగైతే సరిగ్గా రాసుకో" అని పీట మీద సర్దుకుని కూర్చుంది.

అప్పలసూరి చెయ్యి బాగుపడలేదు లీలా. రేకు తగిలి తెగిన నరం అతుక్కుంది గానీ కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఎడమ చేత్తో కొడవలి పట్టడం నేర్చుకుంటున్నాడు. ఈసారి ఊడుపులకు కూలీలను పెట్టుకున్నాడు. నన్ను చూస్తే మాత్రం ఎప్పటిలాగే "రా బావా" అనేవాడు. ఆ పిలుపు వినలేక నేను వేరే దారిన పోయేవాణ్ణి.

ఇక నిజం రాస్తాను. గాలి చారలో రేకుల ఇళ్ళు ఇరవై ఉన్నాయి. కొన్నింటికి అంచు రేకులు మాత్రమే లేచాయి. ఆరు ఇళ్ళకు మాత్రం కప్పు మొత్తం పోయింది. మేడం ఆ ఆరింటి దగ్గర ఇనుప పైపులకు మిగిలిన బోల్టులను ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. రేకుకు ఆరు బోల్టులు ఉండాలి. ఆ ఆరు ఇళ్ళలోనూ మూడే ఉన్నాయి. "ఈ ఆరు కప్పులూ వేసింది ఎవరు మేస్త్రీ?" అని అడిగింది. నేను టేపు చుడుతూ, "సానా ఏళ్ళయినాది మేడం, గేపకం లేదు" అన్నాను. ఆ ఆరూ నావే.

ఎందుకలా చేశానో నీకు చెప్పాలి. ఊరి వైపు ఇళ్ళకు ముహూర్తం పెట్టుకుని కప్పు వేయిస్తారు కదా. పొద్దున్నే రేకులెక్కిస్తే సాయంత్రం లోపు మూసెయ్యాలి, తెల్లారితే గృహప్రవేశం. రేకుకు ఆరు చిల్లులు పెడుతూ కూర్చుంటే ముహూర్తం దాటిపోతుంది. అందుకని మూడేసి బిగించి, "మిగతావి మల్లీ వచ్చి ఏస్తాను" అనేవాణ్ణి. వాళ్ళు పాలు పొంగించుకున్నాక నేను వెళితే, పాలు పొంగిన కప్పుకు చిల్లు పెట్టకూడదు, ఇంటి సిరి జారిపోతుంది అనేవాళ్ళు. మొదటి రెండు ఇళ్ళ దగ్గర గట్టిగానే అడిగాను. ఆ తర్వాత అడగడం మానేశాను. ముహూర్తం వాళ్ళది, బద్ధకం నాది. మన చేతికి పని ఎక్కువగా ఉన్న రోజులవి. మన ఇంటికి ముందూ వెనకా కలిపి ఇరవై మూడు ఇళ్ళకు అలాగే కప్పాను. గాలి ఆరింటిని పట్టుకుపోయింది. పదిహేడు ఇంకా నిలబడి ఉన్నాయి, వాటి కింద జనం పడుకుంటున్నారు. నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం పోయిన ఆరు కాదు, ఉన్న పదిహేడు. ప్రభువు బల్ల దగ్గర చెయ్యి చాపలేకపోవడానికీ అదే కారణం.

పదిహేను రోజుల కిందట ధైర్యం చేసి అప్పలసూరికి చెప్పాను. పొలం గట్టు మీద కూర్చుని విన్నాడు.  కొడవలి నా వైపు విసురుతాడేమోనని కూడా భయం వేసింది. చివరికి, "పాలు పొంగించే ముందురోజు బేగి మూసీమని నిన్ను తొందరపెట్టింది నానే. మల్లీ వస్తానంటే వద్దన్నదీ నానే" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలో, "అవును గానీ బావా, మిగిలిన బోల్టులు ఏటి సేసినావు?" అని అడిగాడు. "ఏమో, ఎక్కడో పడున్నాయి" అన్నాను. సరే అని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి ఆ పదిహేడు ఇళ్ళకూ తిరిగాను. చెప్పగానే తిట్టినవాళ్ళున్నారు, నా చొక్కా పట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అది పడొచ్చు. అన్నీ విన్నాక కూడా, ఇప్పుడు మూఢం నడుస్తోంది, కప్పు మీద చెయ్యి వెయ్యకూడదు అనే మాట పడలేకపోయాను. అప్పుడు జగ్గమ్మ వచ్చింది. ఎవరు పిలిచారో తెలియదు. ప్రతి ఇంటి ముందూ కర్ర ఆనించుకుని కూలబడి, "నాను మంచి రోజు సూసుకునే పాలు పొంగించినాను. నా కప్పు ఏ ఊళ్ళో పడినాదో నాకే తెల్దు. ఆడు డ్రిల్లు పట్టుకొచ్చినాడు, పెట్టనియ్యండి చిల్లులు" అనేది. ఆ ముసలమ్మ లేవదు. చివరికి వాళ్ళే నిచ్చెన తెచ్చి ఇచ్చేవాళ్ళు. నరసన్నపేట నుంచి బోల్టులు తెచ్చి, నిన్నటికి పదహారు ఇళ్ళు పూర్తి చేశాను. నేను నిచ్చెన దిగుతుంటే కింద నుంచి జగ్గమ్మ, "ఒరే, సూసుకుని దిగు" అంటూ ఉండేది.

అప్పలసూరి అడిగిన ఆ మాటకు నేను అబద్ధం చెప్పాను లీలా. నీకు కూడా తొమ్మిదేళ్ళుగా చెప్పని సంగతి ఇది.

మొన్న మధ్యాహ్నం మేడం మన ఇంటికి భోజనానికి వచ్చింది. షాలిని చేపల పులుసు వడ్డిస్తోంది. ఆవిడ అలవాటు కొద్దీ తలెత్తి కప్పు వైపు చూసింది. మన రేకుల బోల్టుల కింది హుక్కులు పైపులను పట్టుకుని కనిపిస్తాయి కదా. ఆవిడ పెదవులు కదలడం చూశాను, లెక్కపెడుతోంది. రేకుకు ఆరు. ఏ ఒక్క రేకుకూ తక్కువ లేదు. ముద్ద చేతిలోనే ఉంచుకుని ఇంకాసేపు చూసింది. కొన్ని తెల్లవి, కొన్ని సన్నవి, కొన్ని నల్ల రంగు వేసినవి. ఆ నల్లవి అప్పలసూరి అల్లుడు గరివిడి నుంచి తెచ్చి ఇచ్చినవి, ఈ చుట్టుపక్కల ఇంకెవరి ఇంటికీ లేవు. అలాంటివే ఆవిడ అంతకుముందు జగ్గమ్మ ఇంటి దగ్గర ఫోటో తీసుకుంది. "ఈ నల్ల బోల్టులు నేను ఇంకో ఇంట్లో చూశాను మేస్త్రీ" అంది మెల్లగా. షాలిని వినకూడదనే ఆ గొంతుతో అంది. అప్పుడు ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. పులుసు ఇంకొంచెం వేసుకోమని మాత్రం అన్నాను.

ముహూర్తం వల్ల మిగిలిన బోల్టులను మళ్ళీ వెళ్ళి వెయ్యాలనే సంచిలో దాచాను. నిజంగానే దాచాను. మన ఇంటికి కప్పు వేసుకునే రోజు వచ్చేసరికి ఆ సంచి నిండి ఉంది. మనకు ముహూర్తం తొందర లేదు, మూడు రోజులు తీరిగ్గా కూర్చుని ఒక్కొక్క రేకుకు ఆరు బిగించాను. సంచిలో ఇంకా మిగిలినవి తర్వాత పనులకు అయిపోయాయి. మూడు చాలవని నాకు తెలుసు. తెలుసు కాబట్టే మన ఇంటికి ఆరు వేశాను. ఇల్లు గట్టిగా కట్టావని నువ్వు పదిమందిలో మెచ్చుకున్నప్పుడల్లా నేను తల వంచుకునేవాణ్ణి, సిగ్గరినని అనుకునేదానివి.

ఈరోజు పొద్దున అప్పలసూరి దగ్గరికి వెళ్ళి అది కూడా చెప్పేశాను. నా ముఖం వైపు చూడలేదు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని పాకలోకి వెళ్ళి తడిక వేసుకున్నాడు. బావా అనలేదు.

ఇప్పుడు సముద్రంలో వాయుగుండం ఉంది. ఎల్లుండి మన దగ్గరే తీరం దాటుతుందని చెబుతున్నారు. మిగిలింది దుర్గాభవాని ఇల్లు ఒక్కటే. ఆమెకు ఎనిమిదో నెల. మొగుడు విశాఖలో పనిలో ఉన్నాడు. మామ నరసింగరావు మంచం మీద నుంచి లేవలేడు, ఎత్తుకుని తీసుకుపోతామన్నా ఇల్లు వదలనంటున్నాడు. ఆయన్ను వదిలి ఆమె రాదు. వాళ్ళది కూడా మనలాగే పద్దెనిమిది రేకుల ఇల్లు, యాభై నాలుగు బోల్టులు కావాలి. నరసన్నపేటలో షాపులన్నీ తిరిగాను, ఈ వార్త విని ఉన్నవన్నీ పట్టుకుపోయారు. శ్రీకాకుళం ఫోను చేయించాను, అక్కడా ఇదే మాట. సరుకు సోమవారం వస్తుందట, గాలి శుక్రవారం వస్తుంది.

అందుకని రేపు పొద్దున్నే మన కప్పు ఎక్కుతున్నాను. నిన్ను అడగకుండా చేస్తున్నందుకు క్షమించు. ఈ ఉత్తరం పట్టుకుని మన వీధి కుర్రాడు నరేష్ కొత్తవలసలో కిరండూల్ బండి ఎక్కి నీ దగ్గరికి వచ్చేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది. చిల్లులకు తారు ముద్దలు పెడతాను. షాలినిని చర్చికి పంపుతాను, చర్చి కప్పు శ్లాబు, భయం లేదు. నేను మాత్రం ఇంట్లోనే ఉంటాను. నాకు చాలా భయంగా ఉంది లీలా, దాచను.  నువ్వు వచ్చి నన్ను ఏమంటావోనన్న భయం కూడా అందులో ఉంది.

ఇందాక గాలి కొంచెం లేచింది. షాలిని పుస్తకం మూసి, "నాన్నా, మన కప్పు ఆగుతాదా?" అని అడిగింది. ఆగుతుందమ్మా అన్నాను. ఊళ్ళో అంత గట్టిగా చెప్పగలిగినవాణ్ణి తొమ్మిదేళ్ళుగా నేనొక్కణ్ణే. రేపటి నుంచి మనకూ రేకుకు మూడే, అందరికీ వేసినట్టే.

ఇట్లు,
మన షాలిని తండ్రి,
నీ పరంజ్యోతి